నలుపు తెలుపులో మూడు రంగులు

ఈ కథలో పాత్రధారులు ముగ్గురే. మా బావగారు, నేను, మా ఇంట్లో ఫోటోలు ప్రింటు తీసే మిషను. విలన్ ఎవరో చివరిదాకా తేలలేదు. మిషనే విలన్ అని నాలుగు రోజులు గట్టిగా నమ్మాను. సినిమాలో అయితే ఇంటర్వెల్ లోపే ప్రేక్షకుడికి అనుమానం వచ్చి వుండేది. నాకు రాలేదు మరి!

ముందు బావగారి సంగతి చెప్పాలి. ఆయన మా అక్కయ్య భర్త. 1964లో తెనాలిలో మద్రాసు రైలెక్కి, సినిమాలకు స్టిల్స్ తీసే ఓ ఫోటోగ్రాఫరు దగ్గర సహాయకుడిగా చేరారు. 1983 దాకా అక్కడే వున్నారు. తెరమీద ఆయన పేరు ఒక్కసారి కూడా పడలేదు. ఆ రోజుల్లో సినిమా హాలు బయట అద్దాల బీరువాలో అతికించిన స్టిల్స్ ముందు గంటలు గంటలు నిలబడి, కథంతా మనమే అల్లేసుకునేవాళ్లం, గుర్తుందా? అలాంటి స్టిల్స్ చీకటి గదిలో కడిగి, క్లిప్పులు పెట్టి ఆరేసిన చేతుల్లో ఆయన చేతులు కూడా వున్నాయి. సెలవులకు తెనాలి వచ్చినా ఆయన చొక్కాకి హైపో వాసన వచ్చేది.

నలుపు తెలుపు అంటే ఆయనకి ప్రాణం. 'లవకుశ' 1963లోనే రంగుల్లో వచ్చింది కదా, ఇంకా ఈ నలుపు తెలుపు గొడవేమిటి బావగారూ అని నేను వేళాకోళం చేస్తే, “మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల చూశావుటోయ్? 'మాయాబజార్'లో వెన్నెలకి రంగు లేదని నీకెప్పుడైనా అనిపించిందా?” అని నా నోరు మూయించేవారు. 2010లో అదే 'మాయాబజార్'ని రంగులద్ది విడుదల చేస్తే, ఊళ్లో అందరూ వెళ్లారు గానీ ఆయన గడప దాటలేదు.

ఇప్పుడాయనకి ఎనభై నాలుగు. నాకు డెబ్భై నాలుగు. అక్కయ్య పోయి పోయిన వేసవికి ఏడాది నిండింది. సంవత్సరికానికి గోడకి పెట్టడానికి ఓ ఫోటో కావాలన్నారు. ఏ ఫోటో అన్నది ఆయన ముందే నిర్ణయించుకున్నారు.

1971లో తీసిందది. అక్కయ్య అప్పుడు మద్రాసు కాపరానికి కొత్త. ఓ రోజు షూటింగు మధ్యలో ఆగిపోయింది. రోలీఫ్లెక్స్ కెమెరాలో వేసే 120 రోలుకి పన్నెండు ఫ్రేములే. పది అయిపోయి రెండు మిగిలాయి. గురువుగారిని అడిగి ఆ రెండూ ఇంటికి తెచ్చుకుని, డాబా మీద సాయంకాలపు వెలుగులో అక్కయ్యని నిలబెట్టి తీశారట. మొదటిదాంట్లో ఆవిడ కళ్లు మూసేసింది. రెండోది నిలిచింది. ఆ నెగటివు బిస్కెట్ల డబ్బాలో కాగితం చుట్టుకుని యాభై ఏళ్లకు పైగా భద్రంగా వుంది.

ఆ నెగటివు స్టూడియోకి ఇచ్చాం. కుర్రాడు స్కాన్ చేసి, పెద్ద సైజు ప్రింటు తీసి, స్కాన్ తాలూకు ఫైలు కూడా చేతిలో పెట్టాడు. ప్రింటు చూస్తే అక్కయ్య సినిమా తారలా వుంది! ఒళ్లు పాలరాయిలా తెల్లగా, చెంపలు నున్నగా... ఎడమ కనుబొమ్మ మీద వుండవలసిన మచ్చ మాయం.

బావగారు ఓ నిమిషం చూసి, ఫోటోని బోర్లించి బల్ల మీద పెట్టారు.

“ఈవిడెవరో నాకు తెలీదు” అన్నారు.

నిజం చెబుతున్నాను, ఆ మచ్చ లేకపోవడం నాకు మటుకు హాయిగానే వుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఏమీ దిద్దకుండా ఇంకోటి తియ్యమని మళ్లీ వెళ్లాం. ఈసారి మచ్చ లీలగా కనిపించింది గానీ తెలుపు మాత్రం తగ్గలేదు. పెళ్లిళ్ల కాలం. ఆ కుర్రాడి తల చుట్టూ ఆల్బములే. మూడోసారి అడగడానికి బావగారికి మనసొప్పలేదు. “మీ ఇంట్లో మిషను వుందిగా, మనమే తీద్దాం. ఫైలు ఎలాగూ వుంది” అన్నారు. సంవత్సరికం ఇంకా వారం రోజులుంది.

మా ఇంట్లో మిషను మనవరాలి కోసం కొన్నది. ఫోటోలు కూడా బాగా వస్తాయంటే కొన్నాను. నల్ల కార్ట్రిడ్జి ఒకటి, రంగులవి మూడు. నీలం, పసుపు, ముదురు గులాబి. ఆ గులాబినే మెజెంటా అంటారు. మనవరాలు హాస్టలుకి వెళ్లాక దాని మీద గుడ్డ కప్పి, పైన దినపత్రికలు పెట్టుకుంటున్నాం. ఎప్పుడైనా కరెంటు బిల్లు ప్రింటు తీస్తే తీసినట్టు. అది కూడా నల్ల ఇంకుతోనే.

గుడ్డ తీసి, దుమ్ము దులిపి, నిగనిగలాడే ఫోటో కాగితం పెట్టి మొదటి ప్రింటు తీశాను. అక్కయ్య బయటికొచ్చింది... ఆకుపచ్చగా!

బావగారు ప్రింటు పట్టుకుని తిన్నగా వీధి వరండాలోకి నడిచారు. ట్యూబులైటు కింద ఏ ఫోటోనీ నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. పగటి వెలుగులో తిప్పి తిప్పి చూసి, “ముఖానికి పాచి పట్టిందేమిటోయ్?” అన్నారు.

లెక్కల మాస్టారుగా ముప్ఫై నాలుగేళ్లు చేసినవాణ్ణి. నా లెక్క నేను కట్టాను. నలుపు తెలుపు బొమ్మకి కావలసింది నల్ల ఇంకు. బొమ్మ పాడయిందంటే నల్ల ఇంకు పాడయిందన్నమాట. వెంటనే బజారుకెళ్లి పన్నెండు వందలు పోసి కొత్త నల్ల కార్ట్రిడ్జి తెచ్చాను. పెడితే మిషను దాన్ని గుర్తించనంది! తీసి పెట్టాను. మళ్లీ అదే మాట. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, కార్ట్రిడ్జికి ఓ పక్కన గోరంత రాగిరేకు బిళ్ల వుంటుంది. 'నేను ఫలానా' అని మిషనుకి చెప్పుకునేది అదే. నేను అట్ట విప్పేటప్పుడు నూనె చేత్తో అక్కడే పట్టుకున్నాను (మా ఆవిడ అప్పుడే పకోడీలు పెట్టింది, నా తప్పు కాదు). నూగు రాలని మెత్తటి గుడ్డని డిస్టిల్డ్ వాటరుతో కాస్త తడి చేసి తుడిచి, పూర్తిగా ఆరాక, టక్కుమనేదాకా నొక్కితే నోరు మూసుకుంది.

ప్రింటు తీశాను. అక్కయ్య మళ్లీ ఆకుపచ్చే. కొత్త నలుపు వల్ల వీసమెత్తు తేడా లేదు.

రాత్రి కళ్లజోడు పెట్టుకుని మిషనుతో వచ్చిన పుస్తకం మొదటిసారి చదివాను. అప్పుడు తెలిసింది నా లెక్క ఎక్కడ తప్పిందో. నల్ల ఇంకు మందపాటిది. మామూలు కాగితం మీద అక్షరాల కోసం చేసింది. నిగనిగలాడే ఫోటో కాగితం మీదున్న పూత దాన్ని పీల్చుకోలేదు. అందుకని ఫోటో కాగితం అని చెబితే మా మిషను నల్ల ఇంకుని ముట్టుకోనే ముట్టుకోదు! మిగతా మూడు రంగుల్నీ చుక్క పక్కన చుక్కగా కలిపి బూడిదరంగు చేస్తుంది. మూడూ దట్టంగా పడితే నలుపు. పలచగా పడితే లేత బూడిద.

అంటే అక్కయ్య నల్లటి జడలో వున్నది నీలం, పసుపు, గులాబి. కళ్లకింది నీడలోనూ అవే. ఈ మూడింట్లో ఒకటి అలిగి కూర్చుంటే మిగతా రెండూ బయటపడిపోతాయి. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ అని ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. కనక అలిగి కూర్చున్నది గులాబి. అదే నీలం అలిగితే బొమ్మ ఎర్రబడుతుంది, పసుపు అలిగితే నీలిగా వంకాయరంగుకి తిరుగుతుంది.

లెక్కల మాస్టారి బుర్ర కదా, ఓ దొంగదారి తట్టింది. మామూలు కాగితమే పెట్టానని మిషనుకి అబద్ధం చెబితే నల్ల ఇంకు వాడుతుందిగా! వాడింది. ప్రింటు పట్టుకోగానే అక్కయ్య జడ నా బొటనవేలికి అంటుకొచ్చింది. పూత మీద ఇంకు ఆరక ఒట్టి మడ్డిలా తేలి వుంది. ఆ కాగితం ఎవరికీ చూపించకుండా దాచేశాను.

మర్నాడు ఇదంతా చెబితే బావగారు నవ్వలేదు. “టెస్ట్ స్ట్రిప్ తీశావా?” అన్నారు.

చీకటి గదిలో ఎప్పుడూ మొదటే నిండు కాగితం వాడేవారు కారట. ఓ సన్నటి పేలిక కత్తిరించి, దాని మీద మెట్లు మెట్లుగా వెలుతురు పెంచుతూ చూసుకుని, ఏది సరిపోయిందో తేలాకనే పెద్ద కాగితం ముట్టుకునేవారట. “కాగితం ఒకటి పాడయితే మా గురువుగారు తిట్టేవారు కాదు. ఆ కాగితం నా జేబులో పెట్టేవారు. సాయంత్రందాకా మోయాలి. నీ జేబు చూసుకో ఇప్పుడు ఎన్నున్నాయో.”

మిషనుకి కూడా అలాంటి పరీక్ష వుంది. నాజిల్ చెక్ అంటారు. ఫోటో కాగితం తగలెయ్యక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఒక్కొక్క రంగుతో సన్నటి గళ్లో గీతలో వేసి చూపిస్తుంది. మొదటి రోజే చెయ్యవలసిన పని మూడో రోజు చేశాను. నీలం గీతలు నిండుగా వున్నాయి. పసుపువి కూడా. గులాబి గీతలు మాత్రం దోమలు కొట్టేసిన తెరలా ఎక్కడికక్కడ తెగిపోయి వున్నాయి. ఇంకు లేక కాదు, వచ్చే దారి మూసుకుపోయి. తల వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలవి. వాటిలో ఇంకు ఎండిపోయింది.

దీనికి 'హెడ్ క్లీనింగ్' అని మిషనులోనే మందుంది. మీట నొక్కితే గుర్రుగుర్రుమని ఇంకు లాగి ఆ దారులు కడుగుతుంది. ఒకసారి చేసి గీతలు చూశాను. కాస్త నయం. రెండోసారి, ఇంకాస్త నయం. మూడోసారి, అక్కడే ఆగింది. నాకు పంతం పట్టుకుంది. నాలుగు, అయిదు... ప్రతి కడుగుడికీ మూడు రంగుల ఇంకూ పోతుంది, పోయినదంతా మిషను అడుగున ఓ స్పాంజిమెత్తలోకి ఇంకుతుంది, ఆ మెత్త నిండితే అదో రిపేరు అని పుస్తకంలో రాసే వుంది. చదివి కూడా ఆరోసారి నొక్కబోతుంటే బావగారు నా చెయ్యి పట్టుకున్నారు.

“ఎండిన మరకని గీకకూడదోయ్. నానబెట్టాలి. ఇప్పుడు వెళ్లిన తడితో లోపల అదే మెత్తబడుతుంది. రాత్రంతా వదిలెయ్.”

సరే అని లేచి, అలవాటు ప్రకారం గోడ మీద స్విచ్చి టక్కున ఆర్పేశాను.

“ఏమిటా పని?” అన్నారు బావగారు.

“ఆర్పేశాను. కరెంటు వృథా కదండీ.”

“ఎప్పుడూ అలాగే ఆర్పుతావా? మిషనుకి వున్న మీట నొక్కవా?”

“మూడేళ్లనుంచీ ఇదే పద్ధతి. ఫ్యానూ లైటూ ఆర్పినట్టే.”

ఆయన మాట్లాడకుండా స్విచ్చి మళ్లీ వేసి, మిషను మీదున్న మీట నొక్కి, చెవి దగ్గరపెట్టి వినమన్నారు. లోపల ఇంకు తల కుడివైపుకి జరిగి, ఓ మూలకి వెళ్లి, టక్కుమని కూర్చున్న చప్పుడు. ఆ తర్వాతనే దీపం ఆరింది. ఆ మూల రబ్బరు మూత వుంటుంది. తల వెళ్లి దాని మీద కూర్చుంటే గాలి తగలదు, ఇంకు ఎండదు. గోడ స్విచ్చి ఆర్పితే తల ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, మూత లేకుండా. అలా తెనాలి ఎండల్లో మూడు వేసవులు!

“లెన్సుకి మూత పెట్టకుండా కెమెరాని బీరువాలో పెడతారటోయ్ ఎవరైనా?” అన్నారు.

విలన్ ఎవరో అర్థమయింది కదా మీకు. మిషను కాదు, ఇంకు అమ్మినవాడు కాదు. రూపాయి మిగులుతుందని స్విచ్చి ఆర్పిన పెద్దమనిషి.

పొద్దున్నే లేచి ఒకే ఒక్కసారి క్లీనింగ్ చేసి గీతలు చూశాం. గులాబి గీతలన్నీ కలిసిపోయాయి! అరవబోయాను, మిషను ముందే అరిచింది. గులాబి ఇంకు అయిపోయిందట. నా పంతానికి ఖరీదు. మళ్లీ బజారు. ఈసారి రాగిబిళ్ల ముట్టుకోకుండా పెట్టి, ఫోటో కాగితం పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టి ప్రింటు తీశాను. జుట్టు బాగుంది, నుదురు బాగుంది, కళ్లు బాగున్నాయి... మెడ దగ్గర్నుంచి కిందికి మళ్లీ ఆకుపచ్చ. సగం అక్కయ్య, సగం పాచి.

నేను కుర్చీలో కూలబడ్డాను. బావగారు కార్ట్రిడ్జి తీయించి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. పైన ఓ పసుపు పట్టీ అంటించి వుంది. ముందు దాన్ని లాగి పారేసి తర్వాత పెట్టాలి. దాని కింద గాలి రంధ్రం వుంటుంది. గాలి లోపలికి పోతేనే ఇంకు కిందికి దిగుతుంది. నూనె డబ్బాకి ఒకటే కన్నం పెడితే నూనె ఎలా వస్తుందో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. నాలుగు చుక్కలు వచ్చి ఆగిపోతుంది. నా గులాబి సరిగ్గా అక్కయ్య మెడ దగ్గర ఆగింది.

పట్టీ లాగేసి, గంటసేపు ఊరుకుని, గీతలు చూసి, ఈసారి బావగారి పద్ధతిలో చేశాం. చిన్న ఫోటో కాగితం ఒకటి తీసుకుని, ముఖం వరకే తపాలా బిళ్లంత సైజులో ఆరు, ఒక్కోదాన్ని ఒక్కో వెలుగులో ప్రింటు తీశాం. ఆయన వెంటనే చూడలేదు. “ఆరనీ. తడిమీద రంగు అబద్ధం చెబుతుంది” అని రాత్రంతా వదిలేసి, మర్నాడు పొద్దున వరండాలో చూసి నాలుగోదాని మీద వేలు పెట్టారు.

ఆ నాలుగోదాని లెక్కతో పెద్దది తీశాం. అక్కయ్య నెమ్మదిగా, గీత తర్వాత గీతగా, బయటికి వచ్చింది. చామనఛాయ ముఖం. ముఖమ్మీద పాచి లేదు, పాలరాయి లేదు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ స్పష్టంగా వుంది.

ఇప్పుడు చెప్పాలి, ఆ మచ్చ నేను చేసిందే. అప్పుడు నాకు ఏడేళ్లు, అక్కయ్యకి పది. నా బొంగరం తీసుకుందని కోపమొచ్చి, లాక్కుని, విసిరికొట్టాను. ములుకు కనుబొమ్మ మీద దిగింది. అంగుళం కిందికి దిగితే కన్ను పోయేది. గడప తగిలి పడ్డానని ఆవిడ ఇంట్లో చెప్పింది. అమ్మ పోయేదాకా ఆ సంగతి అమ్మకి తెలియదు. స్టూడియోవాడు మచ్చ తుడిచేసినప్పుడు నాకు హాయిగా వుందన్నానే, అందుకు.

వరండాలో ఆ ప్రింటు చూస్తూ బావగారికి మొదటిసారి ఈ మాట చెప్పాను.

“తెలుసు” అన్నారు ఆయన, ప్రింటు మీదనుంచి కళ్లు తియ్యకుండా. “మద్రాసులో తారల నెగటివుల మీద సన్నటి పెన్సిలుతో మొటిమలు, ముడతలు దిద్దడం నా పనేగా. ఇది కడిగిన రోజున మీ అక్క నెగటివు కూడా దిద్దుతానన్నాను. 'వద్దండీ, అది మా తమ్ముడు పెట్టింది, వుండనివ్వండి' అంది. నవ్వుతూనే అంది. అలాంటిది వీడెవడోయ్ తుడవడానికి?”

నేనేమీ అనలేకపోయాను. లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

సంవత్సరికం రోజున ఆ ఫోటోకి దండ వేశాం. చుట్టాలందరూ చూసి, బాగుంది అన్నారు. ఎవరికీ మచ్చ కనిపించినట్టు లేదు. కొత్త నల్ల కార్ట్రిడ్జికి పెట్టిన పన్నెండు వందల సంగతి మా ఆవిడ మాత్రం అందరికీ చెప్పింది.

ఇంకు ఎండకుండా వుండాలంటే వారానికి ఒక్కసారైనా చిన్న రంగుల బొమ్మ ఒకటి ప్రింటు తీస్తూ వుండాలట. అన్ని దారుల్లోనూ కాస్త తడి ఆడుతూ వుంటే చాలు. ఈ మాట బావగారికి చెప్పి, ఏ పువ్వు బొమ్మో తీస్తాను లెండి అన్నాను. ఆయన సరేనన్నారు. ఆదివారం పొద్దున్నే రిక్షా దిగి, చంకలో బిస్కెట్ల డబ్బాతో వచ్చారు. అందులో వందకి పైగా నెగటివులున్నాయట, మద్రాసులో పంతొమ్మిదేళ్ల మిగులు ఫ్రేములు. రోలు చివర ఒకటి, రెండు. వాటిలో పెద్ద తారలెవరూ లేరు. లైట్ బాయ్‌లు, మేకప్ అసిస్టెంట్లు, టీ తెచ్చే కుర్రాడు, గుంపులో నిలబడే పక్కవేషాల వాళ్లు. తెరమీద పేరు పడనివాళ్లు.

“వీటికి రంగుల్లేవు కదండీ. మూడు ఇంకులూ ఆడాలి మరి” అన్నాను, మర్చిపోయి.

“నలుపు తెలుపేగా, ఆడతాయి” అన్నారు బావగారు.

ఇప్పుడు నెగటివుని తెల్లటి వెలుగు మీద పెట్టి సెల్‌ఫోనుతో ఫోటో తీసి, తిరగేసుకోవడం కూడా నేర్చుకున్నాను. ఆదివారానికి ఒకటి. ముందు గీతలు చూసుకుంటాం, తర్వాత చిన్న బొమ్మ, ఆరాక వరండా. అయిపోయాక మిషను మీట నేనే నొక్కుతాను, మూత మీద తల కూర్చున్న చప్పుడు ఆయన వింటారు. పోయిన వారం వచ్చింది టీ కుర్రాడు. చేతిలో నాలుగు గ్లాసులు, మొహం నిండా నవ్వు. వాడి పేరు గుర్తు తెచ్చుకోవడానికి బావగారికి సాయంత్రందాకా పట్టింది. పట్టినా, గుర్తొచ్చింది.